ఔర్ధ్వదైహికం: బతికున్నవాళ్లు చేసే పని



చావుపనులకు మన దగ్గర మాటల కొదవ లేదు. కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు పల్లెల్లో ‘మట్టికి పోయొచ్చినాము’ అంటారు. ‘పాలు పోసినారా’ అని, ‘దినాలు ఎప్పుడు’ అని అడుగుతారు. పత్రికలవాళ్లు అంత్యక్రియలు అని వేస్తారు. బంధువులకు పంచే కార్డుల మీద ఉత్తరక్రియలు, కర్మాంతరం, వైకుంఠ సమారాధన అని అచ్చువేస్తారు. వీటన్నిటికీ అవతల, పురోహితుల నోటా ధర్మశాస్త్ర గ్రంథాల్లోనూ తప్ప పెద్దగా వినబడని మాట ఒకటి ఉంది. అది ఔర్ధ్వదైహికం. నోరు తిరగని మాటే. అయినా ఈ పూట దాన్ని ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా నంబులపూలకుంట మండలానికి ప్రపంచమంతటా పేరు తెచ్చినది ఒక చితి కథ. భర్త చితి మీద భార్య కూడా కాలిపోయిన కథ. దానికి మన పెద్దలు పెట్టిన మర్యాదపేరు సహగమనం. పేరు వినడానికి అదీ ఒక అంత్యసంస్కారం లాగానే ఉంటుంది. ఔర్ధ్వదైహికం అన్న మాటకు అసలు అర్థమేమిటో పట్టుకుంటే, సహగమనానికి ఆ జాబితాలో చోటు లేదని తేలుతుంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. దీనికి సాక్ష్యాలు బయటినుంచి తేనక్కరలేదు, మన కావ్యాల్లో, మన శాస్త్రాల్లో, మన సీమలోనే ఉన్నాయి.

ముందు మాట సంగతి. ఊర్ధ్వం అంటే పైన అనీ, తరువాత అనీ రెండర్థాలున్నాయి. ఇక్కడ రెండోది. దేహం తీరిపోయిన తరువాతి కాలానికి చెందినది ఔర్ధ్వదేహికం. రెండు పదాల మొదటి అచ్చులకూ వృద్ధి వస్తే ఔర్ధ్వదైహికం. రెండు రూపాలూ గ్రంథాల్లో కనబడతాయి. అమరకోశం బట్టీపట్టిన పాతకాలపు విద్యార్థులకు ఇది బ్రహ్మవర్గంలో ఎదురయ్యే మాట. అక్కడ అమరసింహుడు చెప్పిన అర్థం చాలా పొదుపైనది. చనిపోయినవారి కోసం ఆ దినాన ఇచ్చే దానం ఔర్ధ్వదేహికమట. మూడు లింగాల్లోనూ చెల్లుతుందని కూడా అన్నాడు. అంటే అది విశేషణం. దానానికైనా, క్రియకైనా, పిండానికైనా చేర్చుకోవచ్చు. ఇందులో మనం గమనించవలసింది దానం అన్న మాట. దానం అనగానే ఇచ్చేవాడొకడు ఉండాలి. ఎవరికోసం ఇస్తున్నారో ఆ మనిషి లేడు, ఇచ్చే మనిషి ఉన్నాడు. ఈ రెండు షరతులూ కలిస్తేనే ఆ మాట పుట్టింది.

దీన్ని అంత్యేష్టితో కలగలపకూడదు. ఇష్టి అంటే అగ్నిలో చేసే యజ్ఞం. మనిషి బతుకులో ఆఖరి ఇష్టిలో అతని శరీరమే ఆహుతి. కాబట్టి అంత్యేష్టి అంటే ఖచ్చితంగా దహనమే. మన సీమలో దహనం అందరి ఆచారమూ కాదు. వీరశైవులు చేతిలో లింగం ఉంచి, కూర్చోబెట్టి సమాధి చేస్తారు. పూడ్చిపెట్టే కులాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. దహనం ఆచారంగా ఉన్న ఇళ్లలో కూడా పసిపిల్లలను మట్టికే ఇస్తారు. సన్యాసులకు సమాధి కడతారు. అలాంటప్పుడు గుంతలో పూడ్చిన మనిషికి ‘దహన సంస్కారాలు జరిగాయి’ అని వార్త రాయడం తప్పు. ఔర్ధ్వదైహికానికి ఈ ఇబ్బంది లేదు. నిప్పు అని గాని మట్టి అని గాని ఆ మాటలో ఎక్కడా లేదు. కాల్చినా పూడ్చినా, ఆ తరువాత జరిగేదంతా దాని కిందికి వస్తుంది.

ఆ తరువాత జరిగేది తక్కువేమీ కాదు. శాస్త్రం చెప్పిన క్రమంలో అస్థిసంచయనం, ఉదకదానం, పది రోజుల పిండాలు, పదకొండోనాటి ఏకోద్దిష్టం, పన్నెండోనాటి సపిండీకరణం, మాసికాలు, సంవత్సరీకం, ఆ పైన ఏటేటా తద్దినం. పది పిండాలతో ప్రేతానికి ఒక్కొక్క అవయవం చొప్పున కొత్త దేహం కూడుతుందని గరుడపురాణం వంటి గ్రంథాలు చెబుతాయి. సపిండీకరణంతో ఆ ప్రేతం పితృదేవతల వరుసలో చేరుతుంది. ఊళ్లో జరిగే పద్ధతి ఇంత పొడుగు ఉండకపోవచ్చు. గుంత మీద పాలు పోస్తారు, చచ్చిపోయినాయనకు ఇష్టమైనవి వండి కాకికి పెడతారు, దినం నాడు నలుగురికి అన్నం పెడతారు. పేర్లు వేరైనా లోపలి ఏర్పాటు ఒక్కటే: పోయినవాడికి ఒకరు నీళ్లివ్వాలి, కూడు పెట్టాలి, పేరు తలవాలి. అది చేసే మనిషికి మన భాషలో పేరు కర్త. కర్త లేకుండా కర్మ లేదు. ఆ కర్త ప్రాణంతో ఉండాలని ఎవరూ ప్రత్యేకంగా రాయలేదు, రాయవలసిన అవసరమే లేదు కనుక.

ఇక నంబులపూలకుంట మండలం గూటిబయలుకు వద్దాం. అక్కడి తిమ్మమ్మ మర్రిమాను చాలామందికి తెలిసిందే. 19,107 చదరపు మీటర్లు, అంటే దాదాపు నాలుగు ముప్పావు ఎకరాల మేర పరుచుకున్న మాను. 1989లో గిన్నిస్ రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. స్థలకథ ప్రకారం తిమ్మమ్మ భర్త బాలవీరయ్య 1434లో చనిపోయాడు, ఆమె అతని చితిలో ప్రవేశించింది, చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఈ మానైంది. అది రెండో దేవరాయలు విజయనగరాన్ని ఏలుతున్న కాలం. మాను కింద గుడి ఉంది. శివరాత్రికి జాతర జరుగుతుంది. పిల్లలు లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు.

కథలో మాను సంగతి ఎలా ఉన్నా, ఆ కాలంలో ఈ ఆచారం ఉండేదనడానికి విదేశీ యాత్రికుల రాతలు సాక్ష్యం. తిమ్మమ్మకు వందేళ్ల తరువాత విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్, భర్తతోపాటు భార్య కాలిపోయే పద్ధతిని వివరంగా వర్ణించాడు. అందులోనే ఇంకో మాట కూడా రాశాడు. ‘తెలుగులు’ అని పిలిచే ఒక వర్గంలో భర్త శవంతో భార్యను బతికుండగానే పూడ్చిపెడతారట. ఖననం ఆచారంగా ఉన్నవారి సంగతి చెబుతున్నాడని ఊహించవచ్చు. కాల్చే కులంలో నిప్పు, పూడ్చే కులంలో మట్టి. భర్త శవానికి ఏ సంస్కారమైతే, బతికున్న భార్యకూ అదే. చావుపనుల్లోనే ఇదీ ఒక భాగమన్నట్టు కలిపేశారు. పేరంటాలమ్మ గుళ్లు, కన్నడ సరిహద్దు పొడుగునా కనబడే మాస్తికల్లులు ఆ కలిపివేతకు గుర్తులు. సహగమనం అన్న సంస్కృతపు మాట దానికి మీదుమిక్కిలి గౌరవం తెచ్చిపెట్టింది. కూడా వెళ్లడం అని దాని అర్థం. చంపడమనీ, కాల్చడమనీ, చావనీ అందులో లేదు.

సరే, మన ఇతిహాసాల్లో పెద్ద చావులు జరిగినప్పుడు ఏం చేశారో చూద్దాం. దశరథుడు పోయినప్పుడు కొడుకులెవరూ అయోధ్యలో లేరు. భరతుడు వచ్చేదాకా శరీరాన్ని నూనెతొట్టెలో ఉంచారు. కౌసల్య ఆ శరీరాన్ని కౌగిలించుకుని అగ్నిలో పడతానంటుంది. వాల్మీకి ఆ మాట ఆమె నోట పలికించాడు, కాని ఆ పని జరగనివ్వలేదు. ఆమెను పక్కకు తీసుకుపోయారు. భరతుడు దహనం చేశాక రాణులందరూ అతనితోపాటు సరయువు ఒడ్డుకు వచ్చి ఉదకం ఇచ్చారు. ఆ వంశంలో అంతకంటె పెద్ద రాజు లేడు, కౌసల్యకంటె పెద్ద పతివ్రతను వెతకనక్కరలేదు. ఆవిడ బతికింది. బతికి నీళ్లు విడిచింది. రామాయణం దృష్టిలో ఔర్ధ్వదైహికం అదే.

రామాయణంలోనే ఇంకొక చావు మన హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షిని తలపించేది. రావణుడితో పోరాడి రెక్కలు తెగిన జటాయువు పడినచోటు ఇదేనని, రాముడు ‘లే పక్షీ’ అన్నాడని స్థలపురాణం. పేరు అలా వచ్చిందా లేదా అన్నది వేరే చర్చ. నాకు కావలసింది ఆ తరువాత రాముడు చేసిన పని. తండ్రి దహనానికి దగ్గర లేకపోయిన కొడుకు, అడవిలో ఒక పక్షికి తండ్రితో సమానమని చెప్పి చితి పేర్చాడు, నిప్పు పెట్టాడు, పక్షుల కోసం పచ్చికమీద పిండాలు పెట్టాడు, గోదావరికి పోయి ఉదకం ఇచ్చాడు. రక్తసంబంధం లేదు, జాతి ఒక్కటి కాదు. పోయినవాడు తనకోసం పోయాడు, తాను మిగిలి ఉన్నాడు. కర్త కావడానికి ఆ రెండూ చాలాయి. ఒకే జిల్లాలో రెండు స్మృతిచిహ్నాలున్నాయి. గూటిబయలులో చితి మీదికి ఎక్కిన మనిషి కథ ఉంది, లేపాక్షిలో చితి పక్కన నిలబడి చేయవలసింది చేసిన మనిషి కథ ఉంది. ఔర్ధ్వదైహికమన్న మాట రెండోదానికే సరిపోతుంది.

భారతంలో మాద్రి ఉంది కదా అని మీరనవచ్చు. ఉంది. పాండురాజు చితిలో ఆమె ప్రవేశించింది. మౌసలపర్వంలో వసుదేవుని భార్యలు నలుగురు కూడా చితి ఎక్కారు. ఈ ఉదాహరణలను దాచవలసిన పని లేదు. కాని అదే భారతంలో కుంతి ఉంది. ఐదుగురు పిల్లలను వెంటబెట్టుకుని హస్తినాపురం చేరింది ఆవిడే. కురుక్షేత్రం ముగిశాక, తిక్కన తెనిగించిన స్త్రీపర్వంలో, భర్తలను పోగొట్టుకున్న రాచకాంతలు గంగ ఒడ్డున చేరి ఉదకాలిస్తారు. ‘కర్ణుడికి కూడా ఇవ్వండి, వాడు మీ అన్న’ అని కుంతి నిజం బయటపెట్టింది ఆ తర్పణాల వేళే. ఆవిడ మాద్రి దారి పట్టి ఉంటే కర్ణుడు సూతపుత్రుడిగానే మిగిలిపోయేవాడు, తమ్ముడి చేతి నీళ్లు అతనికి దక్కేవి కావు. ఆ పర్వంలోనే ధర్మరాజు, యుద్ధంలో చచ్చినవాళ్లలో నా అన్నవాళ్లు లేనివారికి కూడా సంస్కారాలు జరిపించమని విదురుడు, సంజయుడు మొదలైనవారికి అప్పగిస్తాడు. చచ్చినవారికి చేయవలసింది చేయడం ఒక ప్రభుత్వ బాధ్యతగా మన సాహిత్యంలో కనబడే తావు అది.

ఇంతవరకు కథలు. వాదనగా ఈ మాట చెప్పినవారు లేరా అంటే, దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఉన్నారు. హర్షుని ఆస్థానంలో ఉన్న బాణభట్టు కాదంబరిలో, ప్రియుణ్ణి పోగొట్టుకున్న మహాశ్వేతను ఊరడిస్తూ కథానాయకుడు చంద్రాపీడుడి చేత ఒక పెద్ద ప్రసంగం చేయించాడు. పోయినవారి వెంట పోవడం వట్టి నిష్ఫలమైన పని, తెలివిలేనివారు నడిచే దారి అంటాడు. దానివల్ల పోయినవాడు తిరిగి రాడు, అతనికి పుణ్యం పెరగదు, ఇద్దరూ కలుసుకుంటారన్న భరోసా లేదు. బతికుంటే జలాంజలి వంటివి ఇచ్చి పోయినవారికీ మేలు చేయవచ్చు, తనకూ చేసుకోవచ్చు. చస్తే ఇద్దరికీ ఏమీ లేదు. కుంతినీ ఉత్తరనూ ఉదాహరణగా చూపిస్తాడు. గర్భంలో పరీక్షిత్తును మోస్తున్న ఉత్తర అభిమన్యుడి వెంట పోయి ఉంటే పాండవవంశమే లేదు. ఈ బాణుడు ఆచారం ఎరగనివాడు కాడు. హర్షుని తల్లి యశోవతి అగ్నిప్రవేశాన్ని హర్షచరితంలో వర్ణించింది ఇతనే. రాజమందిరాల్లో జరిగేదేమిటో తెలిసి, దాన్ని మొగంమీద కాదన్నాడు. అతని వాదానికి ఇరుసు మనం చెప్పుకుంటున్న అంశమే. ఔర్ధ్వదైహికం చేయాలంటే బతకాలి, చచ్చినవాడు దానికి అనర్హుడు. మనుస్మృతి వ్యాఖ్యాత మేధాతిథి మరో దారిన ఇదే చోటికి వచ్చాడు. శత్రువును చంపడానికి చేసే శ్యేనయాగం వేదంలో ఉన్నంత మాత్రాన ధర్మం కానట్టే, ఏదో స్మృతిలో కనబడినంత మాత్రాన ఇదీ ధర్మం కాదన్నాడు.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. కొన్ని స్మృతులు సహగమనాన్ని మెచ్చుకున్నాయి. వాటిని ఎత్తి చూపి సమర్థించిన మహాపండితుడు మన దక్కనులోనే ఉన్నాడు. కల్యాణి చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుని కాలంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు. ఆస్తిపంపకాలకు దక్షిణాదిలో ప్రమాణమైన గ్రంథం అది. ఆయన గర్భిణులనూ చిన్నపిల్లల తల్లులనూ మినహాయించి, మిగతా స్త్రీలందరికీ అనుగమనం చెల్లుతుందన్నాడు. అయితే ఆయన ఎంతవరకు ఒప్పుకున్నాడో కూడా చూడాలి. ఇది స్వర్గం వంటి నిలవని సుఖాన్ని కోరేవారికే గాని మోక్షం కోరేవారికి కాదని ఆయన సమాధానం. అంటే శాస్త్రం భాషలో ఇది కామ్యం. ఫలం కోరినవారు చేస్తారు, కోరనివారు మానేస్తారు, మానినందుకు దోషం లేదు. ఔర్ధ్వదైహికం అలాంటిది కాదు. తండ్రికి కొడుకు చేయకపోతే దోషం. చేయవలసిన కర్మకూ, కోరికతో చేసే కర్మకూ మధ్య ఉన్న ఈ గీతను సమర్థించినవారు కూడా చెరపలేకపోయారు. 1818లో రామమోహన్ రాయ్ కలకత్తాలో మొదలుపెట్టిన వాదం ఈ గీతమీదే నిలబడింది. శాస్త్రం విధవకు బ్రహ్మచర్యంతో బతకడాన్ని మేలైన దారిగా చెబుతుంటే, తక్కువదాన్ని పట్టుకు వేలాడడమేమిటని ఆయన అడిగాడు.

రెండో అభ్యంతరం: ఆమె ఇష్టపడి వెళ్తే మనకేం? తిమ్మమ్మను ఎవరూ నెట్టలేదు కదా? ఆరు వందల ఏళ్ల కిందటి ఒక స్త్రీ మనసులో ఏముందో చెప్పే సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు. ఆమె ముందున్న దారులేమిటో మాత్రం చెప్పవచ్చు. చితి ఎక్కితే పేరంటాలై పూజలందుకోవడం, ఎక్కకపోతే శుభకార్యాలకు ఎదురు రాకూడని మనిషిగా మిగిలిపోవడం. ఇటువంటి తూకంలో ఒకవైపు మొగ్గడాన్ని ఇష్టమని పిలవడం కష్టం. చట్టం కూడా ఇక్కడికే వచ్చింది. 1829 డిసెంబరులో గవర్నరు జనరల్ బెంటింక్ బెంగాలులో దీన్ని నేరం చేశాడు. దత్తమండలాలు చేరి ఉన్న మద్రాసు రాజధానిలో 1830 మొదటి రెగ్యులేషనుతో అదే జరిగింది. అయినా 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవరాలాలో పద్దెనిమిదేళ్ల రూప్ కన్వర్ భర్త చితిలో కాలిపోయింది. వేలకొద్దీ జనం అక్కడికి మొక్కడానికి వెళ్లారు. ఆ తరువాత పార్లమెంటు చేసిన సతి నిరోధక చట్టం, భర్త శవంతో విధవను సజీవంగా కాల్చినా పూడ్చినా, ఆమె ఇష్టంతో అన్నా ఇష్టం లేకున్నా, దాన్ని సతి అనే పిలిచింది. కాల్చడంతోపాటు పూడ్చడాన్ని కూడా చేర్చడం గమనించండి. నూనిజ్ రాసిన సంగతి ఆ నిర్వచనంలో ఇమిడిపోయింది. ఆ పనిని కీర్తించడం కూడా ఆ చట్టం కింద నేరమే.

మూడోది, మనసు నొప్పించే అభ్యంతరం. ‘మాను కిందికి వచ్చే తల్లులు బిడ్డలు కావాలని మొక్కుకుంటారు, ఎవరినీ చితి ఎక్కమని కోరరు, వాళ్ల భక్తిని ఎందుకు తప్పుపడతారు’ అని. నేను తప్పుపట్టడం లేదు. నిజానికి ఆ భక్తే నా వాదానికి బలం. అక్కడ జనం అడిగేది సంతానం, చల్లని సంసారం. అంటే బతుకే. ఒక స్త్రీని ఆరు వందల ఏళ్లుగా మరవకుండా పేరు పెట్టి పిలుస్తున్నారు, ఏటా ఆమె పేరున జాతర చేస్తున్నారు. ఆమె పోయాక బతికున్నవాళ్లు ఆమెకోసం చేస్తున్న పని అది. చూడబోతే తిమ్మమ్మకు జరుగుతున్న ఔర్ధ్వదైహికం అదే. ఆమెను తలుచుకోవడం ఒకటి, ఆమె చచ్చిన తీరును మెచ్చుకోవడం మరొకటి. మొదటిది చేయడానికి రెండోది అవసరం లేదు. అక్కడికి వచ్చిన పిల్లలకు కథ చెప్పే పెద్దలు మానుకు ఊడలెలా దిగుతాయో చెప్పవచ్చు, ఆ కాలం ఎటువంటిదో చెప్పవచ్చు, ఇటువంటి చావు ఇంకెవరికీ రాకూడదని కూడా ఒక ముక్క చెప్పవచ్చు.

చివరి అభ్యంతరం భాషకు సంబంధించినది. ‘ఔర్ధ్వదైహికమనే మాట బ్రాహ్మణ గ్రంథాలది, పాలు పోసి దినం చేసుకునే మాకు దానితో ఏం పని’ అనవచ్చు. సమంజసమైన ప్రశ్న. ఆ మాటను ఇంటింటా వాడాలని నేననడం లేదు. దినాలు అన్న మాట మన సీమకు చక్కగా సరిపోతుంది. కాని మర్యాదమాటలకు ఒక బలం ఉంటుంది. సహగమనం వంటి గంభీరమైన పేరు ఒక దారుణానికి శాస్త్రం ముసుగు తొడిగినప్పుడు, ఆ శాస్త్రంలోంచే మరో మాట తెచ్చి ముసుగు తీయవలసి వస్తుంది. పండితుల మాటా పల్లె మాటా ఇక్కడ ఒకదానికొకటి సాక్ష్యం పలుకుతాయి. అమరసింహుడు దానమన్నాడు, మన పల్లెలవాళ్లు ‘పెట్టడం’ అంటారు. కాకికి పెట్టడం, పెద్దలకు పెట్టడం. రెంటిలోనూ చెయ్యి చాచి ఇచ్చే మనిషి ఉన్నాడు.

ఈ అర్థాన్ని ఒప్పుకుంటే కొన్ని పనులు మన మీద పడతాయి. మొదటిది, కర్త ఎవరన్న సంగతి. కొడుకు, మనవడు, మునిమనవడు లేనప్పుడు భార్యకు కర్మాధికారం ఉందని నిబంధగ్రంథాలు ఒప్పుకున్నాయి. భర్తకు కర్మ చేసే అధికారాన్ని భార్యకు ఇచ్చిన శాస్త్రం, ఆమె అతనితోపాటు కాలిపోవాలని విధించి ఉండలేదు. రెండు ఆజ్ఞలూ ఒకేసారి చెల్లవు. అటువంటప్పుడు కొడుకు లేని ఇంట్లో భార్యో కూతురో తలకొరివి పెడతానంటే నోళ్లు నొక్కుకోవడం, దూరపు దాయాదిని వెతికి తేవడం దేనికి? రెండోది, దిక్కులేని శవాల సంగతి. ధర్మరాజు విదురుడికి అప్పగించిన బాధ్యతను మన కాలంలో న్యాయస్థానం ప్రభుత్వానికి అప్పగించింది. ఇల్లూ వాకిలీ లేక చనిపోయినవారికి వారి మతాచారం ప్రకారం మర్యాదగా అంత్యసంస్కారం జరగాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. కోవిడ్ కాలంలో అయినవాళ్లు దగ్గరకు రాలేనప్పుడు ముక్కూమొగం తెలియనివారు ఎందరికో ఆ పని చేశారు. జటాయువుకు రాముడు చేసినదానికి అది తీసిపోదు. మూడోది చిన్నదే, కాని ఇంట్లో మిగిలిన ఆడమనిషికి పెద్ద ఆసరా. చావును ఇరవై ఒక్క రోజుల్లోపు నమోదు చేయించాలని 1969 నాటి జనన మరణాల చట్టం చెబుతోంది. వితంతు పింఛనుకు, పొలం పాసుపుస్తకంలో పేరు మార్పుకు ఆ కాగితమే ఆధారం. దేహం పోయిన తరువాత చేయవలసిన పనుల్లో దాన్నీ చేర్చుకోవాలి.

మాటలు వాడేవారికి, ముఖ్యంగా వార్తలు రాసేవారికి, కార్డులు అచ్చువేయించేవారికి ఒక మనవి. కాల్చితే దహనమనండి, పూడ్చితే ఖననమనండి, లేదా మన మాటలో మట్టి అనండి. ఆ తరువాతి పనులన్నిటికీ కలిపి దినాలనండి. పెద్దమాటే కావాలంటే ఔర్ధ్వదైహికమనండి. గూటిబయలు మాను గురించి రాసేటప్పుడు సహగమనమని రాసి ఊరుకోకండి. బతికున్న స్త్రీ భర్త చితిలో కాలిపోయిందన్న కథగా చెప్పండి. పోయినవారికి మనం బాకీపడింది నీళ్లు, అన్నం, జ్ఞాపకం. ప్రాణం ఆ బాకీలో ఏనాడూ లేదు.